చెంబెడు నీళ్లు

కోరుట్లలో జగిత్యాల బస్సెక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, తళతళలాడే ఇత్తడి చెంబును ఒళ్లో రెండు చేతులా పట్టుకున్నాడు. మూతికి గుడ్డ కట్టి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా ఆయన ఊపిరి బిగబట్టేవాడు.

“తొట్టిల చేప గుడ్లు తెల్లగై సచ్చిపోతున్నయి బిడ్డా. పుట్టిన పిల్లలకు గూడ తోకలు వంకరున్నయి. నీళ్లల్ల పులుపెక్కిందేమో అంటున్నరు. పరీక్షకు తీస్కపోతున్న. పులుపుంటే ఇయ్యాల్నే సున్నం కలుపాలె.”

“లేకుంటే?”

“గా సున్నానికి ఉన్న పిల్లలు గూడ సస్తయి.”

నా చూపు చెంబు మెరుపు మీదే ఆగిపోయింది. రెండు స్టాపులు దాటాక అడిగాను.

“చెంబు దేంతోని తోమిన్రు కాకా?”

“చింతపండుతోని. మా ఇంటామె పొద్దుగాల్నే...” అంటూ ఆగిపోయాడు.

తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, కోరుట్ల వెళ్లే బస్సు కోసం నిలబడ్డాడు. చింతపులుపు తగిలిన ఆ నీళ్లు పరీక్షకు పనికిరావని ఇద్దరికీ తెలుసు. మా బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను.

ఆయన ఆ నీళ్లు పారబోయలేదు. లోపల చేపపిల్లలే ఉన్నట్టు, ఎండ తగలకుండా చెంబు మీద తువ్వాల కప్పుతున్నాడు.