నేనెక్కని పదిహేడో చెట్టు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, ఒక వేసవి సెలవులన్నీ మామిడికాయలు లెక్కపెట్టడంతోనే గడిచిపోయాయి. ఈ సంగతి మా డిపార్ట్‌మెంటులో చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. తిరుపతిలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో ఈ కథే చెబుతూ వచ్చాను. ఇరవై చెట్లెక్కి ఒక్క కాయ కూడా వదలకుండా లెక్కపెట్టాననీ, చివర్లో పెద్దవాళ్ళ లెక్కలో ఉన్న తప్పును నేనే పట్టుకున్నాననీ చెప్పేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పోయిన నెల నాకు సన్మానం చేసినప్పుడు ఆ కథను ప్రత్యేక సంచికలో అచ్చు కూడా వేశారు. అచ్చులో చూసుకున్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నేనెక్కింది ఇరవై చెట్లు కాదు, పంతొమ్మిది. తప్పు పట్టుకున్నదీ నేను కాదు. జరిగింది జరిగినట్టు రాయడానికి ఇప్పుడు కూర్చున్నాను.

చిత్తూరు దగ్గర మా ఊళ్ళో మా ఇంటికీ పక్కింటి అక్క వాళ్ళింటికీ మధ్య గోడ ఒకటే. అక్క తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పరిశోధన చేసేది. పరిశోధన అంటే ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. అంత చదివినా ఇంకా చదువుతూనే ఉందంటే ఏదో పరీక్ష తప్పుతూ ఉంటుందని మా అవ్వ అనుమానం. తన పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు అక్కే చెప్పింది. తోటలోని కాయలన్నీ లెక్కపెట్టకుండా, కొన్ని చెట్లను మాత్రం లెక్కపెట్టి, మొత్తం తోటలో ఎన్ని కాయలున్నాయో చెప్పాలి. అదీ ఒక్క అంకెగా కాదు. ఇంతకు తగ్గవు, ఇంతకు మించవు అని రెండంకెలు చెప్పాలి. కోత అయ్యాక నిజమైన లెక్క ఆ రెండింటి మధ్యలో పడాలి.

అంతకు ముందు ఏడాది ఇంకొక తోటలో గాలివాన వచ్చి కాయంతా రాలిపోయి, ఆమె పని సగంలో ఆగిపోయింది. ఈసారి కూడా లెక్క కుదరకపోతే ఆ అంశం వదిలేసి మరొకటి మొదలుపెట్టమని గైడు చెప్పేశాడట. రెండేళ్ళ పని ఆ ఒక్క కోత మీద ఉంది.

తోట వాళ్ళ నాయనది. రెండు వందల తోతాపురి చెట్లు. అక్క ప్రతి చెట్టుకూ సున్నంతో నంబరు వేసింది. రెండు వందల చీటీలు రాసి, ఇత్తడి బిందెలో వేసి బాగా కలిపి, నాచేత ఇరవై తీయించింది. బావి పక్కనున్న పొట్టి చెట్లు ఒక్కటీ రాలేదని నేను చీటీ మార్చుకుంటానంటే ఒప్పుకోలేదు. తోటను గుత్తకు తీసుకున్న పెద్దాయన భుజాన టవలు వేసుకుని ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆయన చిత్తూరు మండీలో పండిపోయిన మనిషి. తోట చుట్టూ ఒక్కసారి నడిచి కాయ ఎంతో చెప్పేవాడు.

"ఇదేమన్నా చీటీల పాటనా పాపా," అన్నాడు. "నలభై వేలు దాటదు. నేను చెప్పినానని రాసుకో."

అక్క నిజంగానే నోటుబుక్కు తెరిచి ఆయన చెప్పింది రాసుకుంది. ఆయనకు అది కొంచెం ఇబ్బందిగా అనిపించినట్టుంది, టవలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

చెట్టెక్కడం నా పని. కొమ్మ కొమ్మకూ పోయి కాయలు లెక్కపెట్టి, పది కాయలకు ఒక చింతగింజ జేబులో వేసుకోవాలి. అయిపోయిన కొమ్మకు సుద్దముక్కతో గీత పెట్టాలి. అక్క కింద నిలబడి నేను చెప్పింది రాసుకునేది. నాలుగు రోజుల్లో పదహారు చెట్లు పూర్తిచేశాము. ఐదో రోజు గైడును కలవడానికి ఆమె తిరుపతి పోవలసి వచ్చింది. నోటుబుక్కు నా చేతికిచ్చి, మిగిలిన నాలుగూ నన్నే చూడమంది. ఇంత పెద్ద పని నన్ను నమ్మి ఎవరూ అప్పజెప్పలేదు. ఆ పొద్దున నేను తోటకు నడవలేదు, ఎగిరాను.

పదిహేడో చెట్టు తోట చివర ఉండేది. నిండుగా ఆకుతో గొడుగులా కనబడే చెట్టు. రెండు మూరలు ఎక్కి తలెత్తితే ప్రతి కొమ్మకూ ఆకులు కుట్టుకున్న ఎర్రచీమల గూళ్ళే. ఒక్క చీమ మెడ మీద కుట్టింది, దిగిపోయాను. గట్టు మీద కూర్చుని రాలిన కాయ ఒకటి కొరుక్కుని తిన్నాను. చెట్టు పెద్దది కాబట్టి కాయా ఎక్కువే ఉంటుందని లెక్కవేసి, నోటుబుక్కులో రెండు వందల అరవై అని రాశాను. అంకె అందంగా కూడా రాశాను. మిగతా మూడు చెట్లూ నిజంగానే ఎక్కాను. తప్పు తగ్గించుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు, తర్వాత జరిగినదానికి ఇది అవసరం.

మర్నాడు అక్క వచ్చి నోటుబుక్కు చూసింది. నా చేతులూ చూసింది. బాగా చేసినావని చెప్పి, తిరుపతి నుంచి తెచ్చిన జామెట్రీ బాక్సు ఇచ్చింది. రెండు రోజుల తర్వాత ఆమె మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు కనబడ్డాయి. కొబ్బరినూనె రాసుకుంటూ, దోమలని వాళ్ళమ్మతో చెబుతూ ఉంటే విన్నాను. పగటిపూట అన్ని దోమలు ఎక్కడివని నేను ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడమే నాకు సుఖంగా ఉండింది.

కోతకు ముందు రోజు ఆమె మోటారు షెడ్డు గోడ మీద సుద్దతో రెండంకెలు రాసింది. నలభై ఒక్క వేలకు తగ్గవు, నలభై ఐదు వేలకు మించవు. తోటకు వచ్చినవాళ్ళందరూ ఆ గోడ చూసి ఒక మాట అని పోయేవారు.

కోత మూడు రోజులు సాగింది. మా వైపు కాయ లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. మనుషులు కుప్ప ముందు కూర్చుని, రెండు చేతులతో ఐదేసి కాయలు తీసి అవతలికి వేస్తారు. మొదటి ఐదుకు ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు అంటూ ఇరవై దాకా రాగం తీస్తారు. ఇరవై అనగానే వంద అయినట్టు. లెక్క మేస్త్రి ఒక ఈనెపుల్ల పక్కన పెడతాడు. మూడో రోజు మధ్యాహ్నం పుల్లలన్నీ కలిపి చూస్తే మూడు వందల తొంభై ఆరు వందలు తేలాయి. అంటే ముప్పై తొమ్మిది వేల ఆరు వందల కాయలు. లారీకి ఎక్కించవలసిన కుప్పలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయిగానీ లెక్క మాత్రం అయిపోయింది.

గుత్త పెద్దాయన గోడ వైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు. "బాధపడబాక పాపా," అన్నాడు మెల్లగా. "చెట్టు పుస్తకం సదవదు గదా."

అక్క వాళ్ళ నాయన కూతురి ముఖం చూడలేక, మొన్నటి గాలికి రాలింటాయిలే అన్నాడు. ఆ సాకు పట్టుకుని ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. అక్క పట్టుకోలేదు. రాలిన కాయ కూడా రోజూ ఏరి లెక్కపెట్టానని, మూడు వందలు కూడా లేవని చెప్పి షెడ్డు వెనక్కు పోయింది.

ఆ రెండు వందల అరవై తప్ప నా కళ్ళకు ఇంకేమీ కనబడలేదు. రెండేళ్ళ పనిని ఒక చీమకు భయపడి నేనే పోగొట్టాను అనుకున్నాను. షెడ్డు వెనక నీళ్ళ తొట్టి గట్టు మీద అక్క నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, పదిహేడో చెట్టు నేను ఎక్కలా."

ఆమె తలెత్తకుండానే, "తెలుసు," అంది.

ఎట్లా తెలుసో ఆమే చెప్పింది. "ఆ చెట్టు ఎక్కినోడి చేతులు అంత నున్నగా ఉండవురా. నేను ఎక్కి సూసినా. నూట నలభై ఉండాయి. ఆకెక్కువ, కాయ తక్కువ."

నోటుబుక్కు నా వైపు తిప్పింది. నా అంకెను ఆమె కొట్టేయలేదు. దాని పక్కన ఎర్ర సిరాతో నూట నలభై అని రాసి ఉంది. గోడ మీది లెక్కకు ఆ ఎర్ర అంకెనే వాడిందట. నాది వాడి ఉంటే అంకెలు ఇంకా పైకి పోయేవట. అప్పుడు నన్ను సూటిగా చూసి అడిగింది.

"మిగతా మూడు? నేను లేనప్పుడు సూసినవి?"

"ఎక్కినా అక్కా. మూడూ ఎక్కినా."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. ఆ మూడు చెట్లూ మళ్ళీ చూడడానికి ఆమెకు సమయం చిక్కలేదని, ఆ సందేహంతోనే అప్పటిదాకా కుమిలిపోతూ ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. నేను వచ్చి చెప్పకపోయి ఉంటే నా అంకెలన్నిటినీ కొట్టేసి, ఓడిపోయానని గైడుకు చెప్పడానికి తిరుపతి బస్సెక్కి ఉండేది.

"అట్లయితే నా లెక్క మంచిదే," అంది లేస్తూ. "తప్పు ఇంకో సోట ఉండాది. పా, ఎతుకుదాం."

లారీ దగ్గరికి పోయి, ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న ఒక వందను ఆపమంది. గోనెపట్టా పరిచి ఆ కాయలను పదేసి చొప్పున వరసలు పెట్టింది. నేను అందించాను, అంతే. వరసలు పెట్టింది ఆమె. పది వరసలు అయ్యాయి. కుప్పలో ఇంకా కాయలు మిగిలాయి. అవి పదకొండో వరస అయ్యాయి.

"ఇదేంది మేస్త్రీ?"

"వంద పాపా."

"పది వరసలు వంద. ఈ వరస ఏంది?"

మేస్త్రి ఆమె వైపు జాలిగా చూశాడు. "అది కొసరు. దోవలో నలిగేటివి, చెడేటివి ఉంటాయని ఏస్తాం. కొసరును యాడన్నా లెక్కపెడతారా?"

ఇరవై అన్న తర్వాత రెండుసార్లు చేతులు ఊరికే ఆడతాయి, నోరు మాత్రం పలకదు. ప్రతి వందకూ పది కాయలు నోట పలకకుండా పోతున్నాయి. అక్క అదే తోటలో పుట్టి పెరిగింది. ఆ చేతులను వేలసార్లు చూసి ఉంటుంది. అయినా కొసరు ఆమెకూ కాయలా కనబడలేదు. ఒక్క కుప్పతో ఆమె తృప్తిపడలేదు. మరో నాలుగు కుప్పలు విప్పించింది. నాలుగింటిలోనూ పదకొండు వరసలే. అప్పుడు పుల్ల తీసుకుని, వందకు నూట పది చొప్పున నేల మీద గుణించింది. నలభై మూడు వేల ఐదు వందల అరవై.

కూలీలు, మేస్త్రి, వాళ్ళ నాయన, అందరూ ఒక్కసారే తలలు తిప్పి షెడ్డు గోడ వైపు చూశారు. లారీ డ్రైవరు కూడా దిగి వచ్చి చూశాడు. వాళ్ళ నాయన గోడ దగ్గరికి పోయి, ఆ రెండంకెల మధ్య జాగాలో చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

గుత్త పెద్దాయన మాత్రం నేల మీది లెక్కనే చూస్తూ ఉండిపోయాడు. "అయితే నేను నలభై వేలు దాటదంటినే, అది కొసరు లేని లెక్కేనా?" అని అడిగాడు.

"అవును మామా. మీ వందల్లో సూస్తే నలభై వేలు దాటలేదు. మీరు చెప్పిందే నిజం."

"అంటే నా కన్నూ మంచిదే," అన్నాడు ఆయన, అప్పుడు మనసారా నవ్వుతూ. "రాసుకో మళ్ళా."

అక్క రాసుకుంది. ఆ పదకొండో వరసను కోసి, ఉప్పూకారం చల్లి అందరికీ పంచమని పెద్దాయనే చెప్పాడు. అంత పుల్లటి కాయ అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

గైడు లెక్క ఒప్పుకోవడమే కాదు, నోరు చెప్పే లెక్కకూ చేతి లెక్కకూ మధ్య తేడా మీద ఇంకొక అధ్యాయం రాయించాడు. అక్కకు డాక్టరేటు వచ్చింది. మా ఊరి నుంచి ఆ పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఆ సిద్ధాంత గ్రంథంలో పదిహేడో చెట్టు గురించి ఒక్క వాక్యం ఉంది. మొదటి లెక్క నమ్మదగినది కాకపోవడంతో పరిశోధకురాలు మళ్ళీ లెక్కించింది అని. అందులో నా పేరు లేదు. మా వీధిలోనూ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె నా పరువు కాపాడితే నేను దాన్ని పెట్టుబడిగా వాడుకున్నాను. మొదటి ఏడాది క్లాసులో 'అక్క' అని చెప్పవలసిన చోట 'మేము' అన్నాను. రెండో ఏడాదికి ఆ 'మేము' 'నేను' అయింది. ఆ తర్వాత దిద్దుకోవడానికి సిగ్గు అడ్డం వచ్చింది.

సంచిక వచ్చాక ఆమెకు ఫోన్ చేశాను. పదవీ విరమణ చేసి ఇప్పుడు చిత్తూరులో ఉంది. అచ్చయినదంతా చదివి వినిపించి, తప్పు చేశానని చెప్పాను.

"కథలో నేను లేకుంటే పోనీలే," అంది. "పదిహేడో చెట్టును ఎందుకు తీసేసినావురా? పిల్లోళ్ళకు చెప్పాల్సింది అదే గదా."

ఈ ఏడాది మొదటి క్లాసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మర్నాడు పొద్దున నేను గది తాళం తీయకముందే ఒక ఎం.ఎస్సీ. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. శ్రీకాళహస్తి వైపు పల్లెల్లో నీటి వాడకం గురించి ఇంటింటికీ తిరిగి రాసుకు రమ్మని పంపిన పిల్ల. నలభై ఫారాలు ఇచ్చింది, అన్నీ చక్కగా నింపి ఉన్నాయి.

"సార్, ఇందులో నాలుగిండ్లకు నేను పోలేదు. ఆ వీధిలో కుక్కలు ఉన్నాయి. ఊరికే రాసేసినాను," అంది.

ఇన్నేళ్ళలో ఒక్క విద్యార్థి కూడా అట్లా వచ్చి నా ముందు నిలబడలేదు. గొప్పగా చెప్పుకున్న కథ విన్నవాళ్ళు నన్ను మెచ్చుకున్నారుగానీ ఎవరూ నన్ను నమ్మి తప్పు చెప్పుకోలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి చెప్పే మిగతా మాటను నిండుగా నమ్మే నమ్మకాన్ని అక్క నాకు ఆ నీళ్ళ తొట్టి దగ్గర ఇచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని దగ్గరుంచుకున్నాను గానీ ఎవరికీ ఇవ్వలేదు. ఆ నాలుగు ఫారాలు వెనక్కిచ్చి, మిగతా ముప్పై ఆరింటినీ మళ్ళీ తిప్పి చూడకుండా నా బీరువాలో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి శ్రీకాళహస్తి బస్సుకు పరుగెత్తింది.