ఉత్తచేతుల ఖాసిం

ఊరేగింపు రోజు ఖాసిం చాచా ఏం చేశాడో నేనెవరికీ సరిగా చెప్పలేదు. మొన్న టీవీలో, వాద్యబృందాన్ని నడిపిస్తున్న ఒక అలనాటి రష్యన్ సంగీత సారథిని చూశాక ఇక దాచలేకపోయాను.

జనగామలో చాచాది పెళ్లి బ్యాండు. అప్పట్లో పత్రికలోంచి ఆ సారథి బొమ్మే కత్తిరించి డోలుకు అతికించుకున్నాడు.

"గాయిన చేతిల బాజా లేదేంది చాచా?"

"గాయిన చెయ్యెత్తితే నూరు బాజాలు పలుకుతయి బేటా."

నేను నమ్మలేదు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమ ఊరేగింపులో పోలీసులు డోళ్లు లాక్కున్నారు. "చేతులు గూడ గుంజుకుంటరా?" అంటూ చాచా అరుగెక్కి చేతులెత్తాడు. అవి దిగినప్పుడల్లా బజారంతా ఒక్కసారే చప్పట్లు కొట్టింది. పోలీసులే వెనక్కి జరిగారు.

ఊరేగింపుకు రానివాళ్లు, "ఖాసిం ఏం వాయించిండ్రా?" అని అడిగారు.

"ఏం లే, ఉత్తచేతులు ఊపిండు," అన్నాను. నవ్వారు. ఉత్తచేతుల ఖాసిం అన్న పేరే ఆయనకు నిలిచిపోయింది.

నిన్న వెళ్లి, మంచం పట్టిన చాచా పక్కన కూర్చున్నాను.

"ఆ దినం పోలీసులను ఆపింది నువ్వే చాచా. నేనే తప్పు జెప్పిన. మాఫ్ చెయ్యి."