గ్లాసులో పచ్చరంగు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను దేవరకొండ బడిలో టీచరుగా చేరాను. నేను కిరాయికున్న ఇంటి అవ్వ చలికాలం పెరట్లో బటానీ వేసేది. ఎవరొచ్చినా కాయను బొటనవేలితో చీల్చి, లేత గింజలు అరచేతిలో పోసి, "ముందుగాల తిను, తర్వాత మాట్లాడు" అనేది.

ఒకరోజు ఆమె కాయల గంపతో అంగడికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను. పక్క దుకాణంలో ఒలిచిన బటానీలు చిలకపచ్చగా మెరుస్తున్నాయి. జనమంతా అక్కడే ఉన్నారు; అవ్వ గంప ముందు కూర్చుని కాయలు చీల్చి గింజలు చూపిస్తున్నా ఎవరూ ఇటు రాలేదు.

"నీ గింజలకు రంగే లేదే ముసల్దానా!" అని దుకాణదారు నవ్వాడు.

అవ్వ లేచి, అతని కుప్పలోంచి పిడికెడు తీసి తన గ్లాసు నీళ్లలో వేసింది. చూస్తుండగానే నీళ్లు పచ్చబడ్డాయి.

"ఎండు బటానీలు నానబెట్టి రంగేసినవ్. గీ నీళ్లు నీ బిడ్డకు తాపుతవా?"

అతను గబగబా కుప్పమీద గోనెపట్టా కప్పాడు. కానీ అంగడి పెద్దమనుషులు వచ్చి, బేరం చెడగొడుతున్నావంటూ అవ్వనే అక్కడినుంచి లేపి పంపేశారు. రంగు కలిపినవాడు దర్జాగా అక్కడే ఉన్నాడు. కొనేవాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ గంప ఎత్తి ఆమె తలమీద పెట్టానంతే.

దారిలో అవ్వ అడిగింది: "నలుగురికి సదువు చెప్తవ్. నీ నోరేమైంది బిడ్డా?"

ఆ పెద్దమనుషుల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నా మీద అసలే చల్లారలేదు.