కలిపి రుబ్బిన భోజనం

ఈ పొద్దున కోడలు మనవరాలి కోసం గుమ్మడికాయ ఉడికించింది. ఉప్పూ కారం లేని ఆ తియ్యటి ఆవిరి ముక్కుకు తగలగానే నాకు రేవతి గుర్తొచ్చింది. ఈ పరాయిదేశంలో పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో నేను పని చేసిన రోజుల్లో ఆ పిల్ల అక్కడ కేర్‌గివర్. వయసులో నా కూతురంత. అయినా నాకు ఏదన్నా నేర్పినవాళ్ళెవరని అడిగితే, అరవై దాటాక అక్షరాలు దిద్దించిన టీచరమ్మ కంటే ముందు ఈ పిల్ల పేరే చెబుతాను.

మా ఇద్దరికీ ఉన్న తేడా మొదటే చెప్పేస్తాను. నేను జీతం కోసం వెళ్ళాను. చెప్పింది వండాను, గిన్నెలు తోమాను, బస్సెక్కాను. రేవతి కాకినాడలో నర్సు. ఇక్కడ ఆ చదువు చెల్లక ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పనిలో చేరింది. మరొకరైతే మొహం మాడ్చుకునేవారు. తను మాత్రం ఆ పని కోసమే పుట్టినట్టు ఉండేది. డ్యూటీ అయిపోయాక కూడా ఎవరి గోళ్ళో తీస్తూ కూర్చునేది. "దానికి జీతం అడిగావా?" అంటే "పోనిద్దురూ ఆంటీ" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

నమిలి మింగలేనివాళ్ళకు భోజనం మెత్తగా రుబ్బి ఇవ్వాలి. మాంసం వేరు, బంగాళదుంప వేరు, కూరగాయ వేరు. పళ్ళెంలో మూడు ముద్దలు. వంటింట్లో ఒక మనిషి తగ్గాక మేనేజరమ్మ "అన్నీ కలిపి ఒకేసారి రుబ్బెయ్, లోపలికెళ్ళాక ఎలాగూ కలిసేవే" అంది. రుబ్బేశాను. మట్టిరంగు ముద్ద వచ్చింది. కొన్నాళ్ళకు రేవతి ఒక నిండు పళ్ళెం వెనక్కి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒక చెంచా తినండి ఆంటీ."

"నేనెందుకు తినాలి? నాకు పళ్ళున్నాయి."

"తిని, ఏం తిన్నారో చెప్పండి."

తిన్నాను. చెప్పలేకపోయాను.

"ఇంట్లో పప్పు, పులుసు, పెరుగు అన్నీ ఒక్కసారే కలిపి కుమ్మి పెడితే అంకుల్ ఊరుకునేవారా?"

"పళ్ళెం విసిరికొట్టేవాడు."

"టామ్ విసరలేడు. అందుకే నోరు తెరవట్లేదు."

టామ్ ఒకప్పుడు గొర్రెలు పెంచిన మనిషి. పక్షవాతంతో మాట పడిపోయింది. చెంచా కనబడితే పెదాలు బిగించేస్తున్నాడు, నానాటికీ చిక్కిపోతున్నాడు. ఇక రోజులు దగ్గరపడ్డాయని అందరూ అనుకుంటున్నారు. "అది చావు కాదు ఆంటీ, అలక," అంది రేవతి. మీటింగులో అడుగుతానంది.

నాకు భయం వేసింది. తన వర్క్ వీసా ఆ ఆశ్రమం పేరు మీదే ఉంది. పొడిగించాలంటే మేనేజరమ్మ సంతకం కావాలి.

"నీకు పిచ్చా? ఊరికే చేసిన గంటలకు ఎన్నడూ నోరెత్తనిదానివి, ముద్ద కోసం వీసా పోగొట్టుకుంటావా?"

"అది నాది ఆంటీ, వదులుకుంటే పోయేది నాకే. ఇది ఆయనది. వదలడానికి నేనెవర్ని?"

మీటింగులో నిలబడి చెప్పింది. మూడూ మళ్ళీ వేరువేరుగా రుబ్బించమని అడిగింది. మేనేజరమ్మ "వంటింట్లో మనుషులు లేరు" అంది. రేవతి వెంటనే "నా బ్రేకులో వచ్చి నేను రుబ్బుతాను" అంది. మిగతావాళ్ళు టీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు. వచ్చీరాని ఇంగ్లీషులోనే అన్నాను: "ఆమె రుబ్బదు, నేను రుబ్బుతాను. మూడుసార్లు రుబ్బితే ఇంకాస్త టైము పడుతుంది. ఆ టైముకు జీతం ఇవ్వండి." ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరమ్మ నవ్వలేదు, కానీ ఇచ్చింది.

మర్నాడు టామ్ పళ్ళెంలో మూడు రంగులు. మాంసం చెంచాకు పెదాలు బిగించాడు. గుమ్మడికాయకు తెరిచాడు. రేవతి ఏడవలేదు, నవ్వలేదు. ఇంకో చెంచా తీసింది.

వీసా గడువు దగ్గరపడినప్పుడు మేనేజరమ్మ సంతకం పెట్టలేదు. కారణం కూడా చెప్పలేదు. రేవతి కొన్నాళ్ళు దూరంగా రోటోటూనా అనే చోట తెలిసినవాళ్ళింట్లో ఉండి ఇంకో ఆశ్రమంలో పని వెతుక్కుంది, దొరకలేదు, కాకినాడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఫోన్ చేస్తే "ఏం సాధించావే?" అని అడిగాను. "టామ్ తింటున్నాడుగా ఆంటీ," అంది. ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పనిని అంతగా ప్రేమించేవాళ్ళు దానికోసం ఎవరితోనైనా పోట్లాడతారు, తమకోసం మాత్రం పెదవి విప్పరు. పని చేయించుకునేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇలాంటి పనుల్లో కొత్తగా చేరిన మన పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. అన్నం పెడుతూ చెబుతాను: ముందు మీరు చేసిన గంటలకు జీతం అడగండి, ఆ తర్వాత మీ చేతుల్లో ఉన్న ముసలివాళ్ళ కోసం అడగండి. మొదటి మాట నాది. రేవతి పరిచయం కాకముందు నా దగ్గర అదొక్కటే ఉండేది.