కాలు మొలుస్తున్నదని కందూరు

మోతె మహిపాల్ సరిహద్దులో మందుపాతర మీద అడుగేసి, ఎడమకాలు మోకాలి కింద నుంచి పోగొట్టుకుని ఏడాదిన్నరైంది. పెట్టుడు కాలుతో బాగానే తిరిగేవాడు. ఈ మధ్య మొండి చివర గట్టిగా ఏదో పొడుచుకొచ్చింది. పెట్టుడు కాలు తొడుక్కుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. సికింద్రాబాదు మిలిటరీ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూపించి విడమరిచి చెప్పాడు. పేలుడులో కాళ్లుచేతులు పోయినవాళ్లలో కొందరికి మాంసంలో ఎముక పుడుతుందట. ముదిరాక కోసి తీసేయాలట.

ఇంటికి రాగానే తల్లి సైదమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నరు బిడ్డా?"

"బొక్క పెరుగుతున్నదట," అన్నాడు. మళ్లీ కోత అనే మాట నోట రాలేదు.

సైదమ్మ ఆ గట్టి ముడిని తడిమి చూసింది. ముఖం వెలిగిపోయింది. "నా కొడుక్కి కాలు మల్ల మొలుస్తున్నది!" అని వాడంతా చెప్పుకుంది. జాన్‌పహాడ్ సైదులుకు కందూరు మొక్కింది. ఆ దర్గా దగ్గర మేకను కోసి చుట్టాలకు అన్నం పెట్టే మొక్కు అది. ఆమెకు పేరు పెట్టింది కూడా ఆ సైదులు పేరిటే.

మహిపాల్ కాదనలేదు. సిగ్గుచేటు సంగతేమిటంటే, అయ్యో పాపం అన్న నోళ్లే ఇప్పుడు ఔరా అంటుంటే అతనికి బాగుంది. అబద్ధమైతే ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఇంతపాటి తెలివి మనందరికీ ఉంటుంది.

కందూరు రోజు ఫాతెహా చదవడం అయింది, విస్తళ్లు పరిచారు. మేనమామ మైసయ్య పక్కన కూర్చుని మొండి మీద చెయ్యేశాడు.

"ఏదిరా అల్లుడా, మడమ ఎప్పుడొస్తది?"

పంక్తి అంతా నవ్వింది. చెయ్యి తగిలిన చోట నొప్పి, దానికి మించి సిగ్గు.

"కాలు గాదు మామా. ఊకె పుట్టిన బొక్క. వచ్చే నెల కోసి తీసేస్తరు."

నవ్వులు ఆగిపోయాయి. "మరి మీ అమ్మకు చెప్పలేదారా?" అన్నాడు మైసయ్య.

కూర గిన్నెతో నిలబడ్డ సైదమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆమెకు ఆ సంగతి తెలియడం అప్పుడే.

"చెప్పిండన్నా. దవాఖాన నుంచి రాంగనే చెప్పిండు. నేనే ఆశకు పోయి ఊరంతా చాటుకున్న. తెలివిలేని ముసల్దాన్ని, నవ్వుండ్రి."

నవ్వారు కూడా.

"లేదు, నేనే చెప్పలేదు" అంటే సరిపోయేది. ఆ మూడు మాటలూ మహిపాల్ నోటిదాకా వచ్చాయి. సైదమ్మ అతని విస్తట్లో కూర వేసి ముందుకు కదిలింది. అతను తల వంచుకుని తిన్నాడు.