భీమారావు నీళ్ల ఫైలు

భీమారావు మంచివాడు కాడని నేననను. మంచివాడే. నాకు ఒళ్లు మండేది అందుకే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

అవి బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులు. రాయపూర్ రైల్వే కాలనీలో మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. మా ఆయన గార్డు, నెలలో సగం రోజులు బండి మీదే. భీమారావు గూడ్సు ఆఫీసులో క్లెయిముల గుమాస్తా. దారిలో పగిలిన జాడీలు, తడిసిన బస్తాలు, కారిపోయిన నూనె డబ్బాలు, వీటిలో తప్పు ఎవరిదో తేల్చడం ఆయన పని. విజయనగరం నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని ఒక్కటీ తేల్చలేదని మా ఆయన అనేవాడు. తేల్చకుండా నడిపించడమే ఆ కుర్చీ పనితనమట! ఇంట్లోనూ అదే పనితనం. పెళ్లాం గంగాభవాని కొత్త చీపురు అడిగితే, పాతది ఎందుకరిగిందో కాగితం మీద రాసిమ్మనేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో వాళ్ల నాలుగేళ్ల పిల్ల చిన్నమ్మకు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం మీదే. జుట్టంతా రాలిపోయి, కాళ్లు పుల్లలైపోయి, చివరికి ఎలాగో గట్టెక్కింది. రైల్వే డాక్టరు పంపిస్తూ ఒకటే మాట చెప్పాడు. "వానలు పడ్డాక బావి నీళ్లు ఉన్నవున్నట్టుగా పిల్లకి పట్టొద్దు. శుద్ధి చేసి పట్టండి. మళ్లీ జ్వరం వస్తే ఈ ఒంటికి తట్టుకునే బలం లేదు."

గంగాభవాని అక్కడే ఏడ్చేసింది. భీమారావు కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చి కొత్త ఫైలు తెరిచాడు.

నవ్వకండి, నిజంగానే తెరిచాడు. అట్ట మీద 'గృహోపయోగార్థం నీటి శుద్ధి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఎర్రనాడా కట్టాడు. ఇంటిల్లిపాదీ అభిప్రాయాలు చెప్పాలన్నాడు.

మొదటి అభిప్రాయం తల్లి వరహాలమ్మది. "మా అత్తోరింట నాగావళి నీళ్లు ఎర్రగా వచ్చీవి. బిందెలో చిల్లగింజ అరగదీసి వదిలీవాళ్లం. తెల్లారీసరికి అద్దం లాగుండీవి. పదిమందిని కన్నాను, ఎవరికేటయింది?"

"ఆరుగురు పోయారు గదా అత్తయ్యా," అని గంగాభవాని నోరు జారింది.

వరహాలమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. ఆ రెండు రోజులూ ఫైలు కదల్లేదు.

తర్వాత మూడు కుండల పద్ధతి. చెక్క స్టాండు మీద ఒకదాని కింద ఒకటి కుండలు పెట్టి, పై కుండలో బొగ్గు, నడిమి దాంట్లో ఇసుక వేస్తే, అడుగు కుండలోకి తేట నీళ్లు దిగుతాయి. ఊరూవాడా ఎరిగిన సంగతే. కానీ కట్టెబొగ్గు వెయ్యాల్సిన చోట ఈ మహానుభావుడు లోకోషెడ్డు నుంచి తెచ్చిన ఇంజను బొగ్గు దట్టించాడు.

"అదేటి మరిదీ! కట్టెబొగ్గు కదా వెయ్యాలి?" అన్నాను.

"కట్టెబొగ్గు పల్లెటూళ్లకి వదినా. మనది రైల్వే. ఇది పక్కా మాలు."

పక్కా మాలు గుండా దిగిన నీళ్లు కాకి రెక్క రంగులో ఉండి, తారు కంపు కొట్టాయి. భీమారావు ఒక చెంచాడు నాలిక మీద వేసుకుని, ఉమ్మి, ఫైల్లో రాసుకున్నాడు. 'రంగు ఆశాజనకంగా లేదు.'

ఇక మిగిలింది కలకత్తా ఫిల్టరు. పింగాణీ జాడీ, లోపల నీళ్లు వడగట్టే తెల్లటి కేండిలు, అడుగున కుళాయి. కంపెనీ కాగితం మీద దాని బొమ్మ చూసి గంగాభవాని మొహం విప్పారింది. కొనేస్తాడనే అనుకున్నాం. ఇంతలో వరహాలమ్మకు ఎవరో చెప్పారు, ఆ తెల్లటిది ఎముకల పొడితో చేస్తారని. మడి మంటగలుస్తుందని ఆవిడ గోల. భీమారావు ఫిల్టరు కంపెనీకి ఉత్తరం రాశాడు, అందులో ఎముక కలదా లేదా తెలుపవలసిందని. జవాబు రాలేదు. రిమైండరు రాశాడు. రిమైండరుకు రిమైండరు రాశాడు.

ఈలోగా వానలు దిగాయి. బావి నీళ్లు మొరం మట్టి కలిసి ఎర్రబడ్డాయి.

"ఏటండీ, ఈ పూట పిల్లకి ఏ నీళ్లు పట్టమంటారు?" అంది గంగాభవాని.

"జల్దీ పడితే ఎలాగే? విషయం పరిశీలనలో ఉంది."

గంగాభవాని గోడ దగ్గరికొచ్చి బావురుమంది. నన్ను అక్క వరసన అప్పా అనేది. "అప్పా, నా కూతురు మళ్లీ పడిపోతాదప్పా. ఈయనకి ఎలా చెప్పీది?"

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "పరిశీలన తాగితే దాహం తీరుతుందా? ఆయన మానాన ఆయన్ని రాసుకోనీ. నువ్వు కాచి పొయ్యవే!"

అప్పట్నుంచి రోజూ రెండు పూటలా బొగ్గుల సిగిడీ మీద బిందెడు నీళ్లు తెర్లేదాకా మరిగించేది. చల్లార్చి, మడతబట్టలో వడకట్టి, ఇంట్లో అందరికీ అవే ఇచ్చేది. నిప్పుకు మైలేమిటని వరహాలమ్మ కూడా ఒప్పుకుంది. మరి మొగుడికి చెప్పలేదా? చెప్పింది. ఆ పూట ఆయన కలకత్తాకు మూడో రిమైండరు రాస్తున్నాడు. "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' ఫైల్లోకి ఎక్కలేదు. ఆయన లెక్కలో ఫైల్లో లేనిది జరగనట్టే. వంటింటి గడప తొక్కే అలవాటు కూడా లేదాయె. చెంబు చేతికొస్తే తాగడం, ఖాళీ అయితే కింద పెట్టడం, నీళ్ల గురించి ఆయనకు తెలిసింది అంతే.

దసరా వెళ్లిన మర్నాడు భీమారావు వాకిట్లో కుర్చీ వేసుకుని గంగాభవానితో పాటు నన్నూ పిలిచాడు. పిల్ల ఒళ్లో ఉంది, నెత్తిన కొత్త జుట్టు మొలుస్తోంది. గొంతు సవరించుకుని చదివాడు.

"వానాకాలమంతా ఇంట్లో ఎవరికీ జ్వరం గాని విరేచనాలు గాని రాలేదు. ఏ విధమైన ఫిల్టరూ వాడబడలేదు. కావున మన బావి నీరు సహజంగానే శుద్ధమైనదని తేలుతున్నది. ఫిల్టరు అనవసరం. ఫైలు మూసివేయడమైనది."

పదకొండేళ్లలో ఆయన తేల్చిన మొదటి వ్యవహారం అదే. మెప్పు కోసం మా ఇద్దరి మొహాల్లోకీ చూశాడు.

గంగాభవాని తిన్నగా బావి దగ్గరికి వెళ్లింది. అప్పుడే తోడిన నీళ్లు చెంబుతో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎర్రగా, అడుగు కనపడకుండా ఉన్నాయి.

"నాలుగు నెల్లుగా కాచి పోస్తున్నాను. ఈ పూట్నుంచి మానీసాను. ఫైలు మూసీసారు గదా! శుద్ధమైన నీళ్లు, ముందు మీరు తాగండి. ఆనక పిల్లకి పడతాను."

భీమారావు చెంబులోకి వంగి చూశాడు. ఒళ్లో పిల్ల చెంబు చూసి, "నాన్నా, దాహం," అని చెయ్యి చాపింది. ఆయన అరచేత్తో చెంబు మూసేశాడు. పిల్ల లాగినా తియ్యలేదు. పాపం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ గంగాభవాని కదల్లేదు, నేనూ కదల్లేదు.

పిల్లను గంగాభవాని చేతికిచ్చి, చెంబు పట్టుకుని లోపలికి వెళ్లాడు. వంటింట్లోంచి పొగ, దగ్గు, ఏదో కింద పడ్డ చప్పుడు. చాలాసేపటికి కళ్లమ్మట నీళ్లు కారుతూ, మొహమంతా మసితో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నీళ్ల మీద నలభై మూడు కాగితాలు రాసిన మనిషి, పెళ్లాన్ని అడగడానికి మొహం చెల్లక, నెమ్మదిగా నన్ను అడిగాడు.

"వదినా... నీళ్లు కాగినట్టు ఎలా తెలుస్తాది?"