అమ్మ గొంతుతో పిలిచే ఆట

మా చిన్నప్పుడు... నడి వేసవి మధ్యాహ్నాలు, చోడవరంలో మా సావిడి తలుపులు మూసేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, నేనూ తమ్ముడూ టీవీ ముందు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. చూసేది సినిమా కాదు... భయపెట్టే వీడియో గేమ్.

నేను ఏడో తరగతి అయిపోయి ఎనిమిదిలోకి వస్తున్నాను. తమ్ముడు నాని ఇంకా చిన్నవాడు. అమ్మ ఇంట్లో లేదు. మలేరియా మెదడుకెక్కిందని విశాఖలో ఆసుపత్రిలో చేర్చారు. నాన్న అక్కడే ఉండిపోయాడు. మమ్మల్ని చూసుకోవడానికి రోలుగుంట నుంచి మా మేనత్త నర్సమ్మ వచ్చింది.

అమ్మకు తెలివి రాలేదన్న సంగతి మాకెవరూ చెప్పలేదు... పెరట్లో గిన్నెలు తోముతూ అత్త పక్కింటి టీచరమ్మతో అంటుంటే విన్నాను. విని, ఎవరికీ చెప్పకుండా మనసులోనే దాచుకున్నాను.

మా మొహాలు చూడలేక, గాజువాకలో చదువుకుంటున్న అత్త కొడుకు రమణ బావ ఎవరో స్నేహితుణ్ణి అడిగి ఆ గేము పెట్టె తెచ్చాడు. దాంతో ఒకే ఒక్క సీడీ. ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకునే కార్డు మాత్రం లేదు. కరెంటు పోయిందంటే మళ్ళీ మొదటి నుంచే... ఆ వేసవిలో కరెంటు పోని మధ్యాహ్నం ఏది? అందుకే ఆ ఆట మొదలు తప్ప మేం ఇంకేమీ చూడలేదు.

ఆ మొదలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది...

ఒక పిల్ల నిద్రలేస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యి మీద గిన్నె పొగలు కక్కుతుంటుంది. మేడ మీద నుంచి వాళ్ళమ్మ పిలుస్తుంది. ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు గానీ ఆ పిలుపు అర్థమయ్యేది. మెట్లెక్కి తలుపు తీస్తే... మళ్ళీ కింద గదే! అదే మంచం, అదే పొయ్యి. కానీ గిన్నె చల్లారిపోయి ఉండేది. మళ్ళీ ఎక్కి వస్తే గోడ మీద ఫోటోలో వాళ్ళమ్మ ముఖం చెరిగిపోయి ఉండేది. ఆ తర్వాత వెనక నుంచి ఎవరివో అడుగులు... టీవీ అంతా నల్లగా అయిపోయేది. అంతే, మళ్ళీ మొదటికి.

ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి చేరితే మా అమ్మ లేచి కూర్చుంటుందని ఎందుకో గట్టిగా అనుకున్నాను. ఇక తిండి లేదు, నీళ్ళు లేవు. వేళ్ళు బొబ్బలెక్కినా వదిలేదాన్ని కాదు.

"ఏటే గుంటా, అన్నం సల్లారిపోతంది. ఆ దెయ్యాల బొమ్మలు సూసి ఏటి బాగుపడతావే?" అనేది అత్త.

"ఒక్కసారి అత్తా... ఈసారి ఆళ్ళమ్మ కాడికి ఎల్లిపోద్ది!"

ఎన్నిసార్లు అన్నానో ఆ మాట...

ఒకరోజు బావ నా పక్కన కూర్చుని, తెర కింద వచ్చే ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు.

"ఒసే, నువ్వు ఎల్లే తోవ తప్పే. పిలిసేది ఆళ్ళమ్మ కాదంట. ఆ పిలుపు ఇనకుండా ఈదితలుపు తీసుకుని బయటికెల్లిపోవాల. అప్పుడే ఆట ముందుకెల్తాది."

"మరి ఆళ్ళమ్మో?"

"అమ్మ లేదులే. వదిలేసి పోవాల."

బావ ఆట గురించే అన్నాడు. కానీ నాకు మా అమ్మ గురించి అన్నట్టే వినిపించింది.

"నేను పోను!"

"ఒట్టి ఆటే గదే..."

"పోను బావా! పోను!"

అప్పుడు నాని నా జబ్బ పట్టుకుని మెల్లిగా అడిగాడు... "అక్కా, అమ్మ లేదా?"

వంటింటి గడప దగ్గర అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఆ ఆటలో ఏదీ నన్ను అంత భయపెట్టలేదు. కళ్ళు మసకబారుతున్నా ఆ పిల్లను మళ్ళీ మెట్లెక్కించాను... పిలుపు వినిపించిన వైపుకే.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గోడవతల నుంచి టీచరమ్మ కేక...

"ఓ నర్సమ్మా! విశాఖ నుంచి ఫోనొచ్చింది! బేగి రా!"

మా వీధి మొత్తానికి వాళ్ళింట్లోనే ఫోను. అత్త పరుగెత్తింది. వెనకే మేము, చెప్పుల్లేకుండా, కాలిపోతున్న నేల మీద... అప్పటికే వాళ్ళ గుమ్మంలో నలుగురూ చేరారు. అత్త ఫోను చెవికి ఆనించుకుని "ఊ... ఊ..." అంటోంది, అంతే. నేను ఆమె చీర గట్టిగా పట్టుకున్నాను.

"ఏటయింది అత్తా? సెప్పు అత్తా!"

అత్త నన్ను దగ్గరికి లాక్కుని నా నెత్తి మీద మొహం పెట్టి భోరుమంది.

"కళ్ళు తెరిసిందంట మీ అమ్మ... మంచినీళ్ళు అడిగిందంట..."

ఫోను నాకిచ్చింది. అవతల నాన్న. "అమ్మా..." అని ఒక్క మాట అన్నాడు. తర్వాత ఏడుపే వినిపించింది. నాన్న ఏడవడం వినడం నాకదే మొదలు. టీచరమ్మ నానిని ఎత్తుకుని తనూ కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలో ఉన్నవాళ్ళెవరూ వెంటనే ఇళ్ళకు వెళ్ళలేదు... మాతోపాటే అక్కడ కూర్చున్నారు.

తొలకరి పడ్డాక అమ్మ ఇంటికొచ్చింది. జుట్టు కత్తిరించేశారు. చెంబు పట్టుకుంటే చెయ్యి వణికేది. చాన్నాళ్ళు నాని పేరు గుర్తు రాక తడుముకునేది... అయినా అమ్మ వచ్చింది. అప్పటికే బావ ఆ పెట్టె పట్టుకెళ్ళిపోయాడు. మేమెవరమూ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరున్నా గంటగంటకీ కబురు ఫోటోతో సహా అరచేతిలోకి వచ్చేస్తోంది. మంచిదే... కాదనను. కానీ ఆ కబురు మంచిదైనా చెడ్డదైనా, ఎవరికి వాళ్ళం ఒక మూల నిలబడి ఒంటరిగానే చదువుకుంటున్నాం...

మీరూ అలా ఒక్క కబురు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉండే ఉంటారు. ఆ పూట మీ పక్కన ఎవరు కూర్చున్నారో... ఒక్కసారి తలుచుకుని ఇక్కడ రాయరూ?